పసుపు పూసిన తీర్పు

మా ఆయనకు అక్క, నాకు వదిన నాగవేణమ్మ. ఆమెకు చదువు రాదు. నేను రెండో తరగతి దాకా చదివాను, అందుకే ఆమె కథ నేను రాస్తున్నాను. ఆమెకే చదువు వచ్చి ఉంటే నా గురించి ఏం రాసేదో తలచుకోవడం ఇష్టం లేదు.

ఆయుధపూజకు మా ఇంట్లో కొడవలి, ఉన్ని కత్తెర పెట్టి, వాటి పక్కన ఒక తీర్పు కాగితం కూడా పెట్టేవాళ్లం. మా మామ అంజనప్ప కాలంలో, మా గొర్రెలు చెరువుకు పోయే మందబాట కోసం వ్యాజ్యం నడిచింది. ధర్మపురిలో ఓడిపోయి, సేలం కోర్టుకు అప్పీలు పోయి గెలిచాడు. మాకు అదే ఆయుధం. ఏటా వదిన దానికి పసుపు పూసి కుంకుమ పెట్టేది.

రెండువేల నాలుగులో ప్రభు అనే అతను పక్క పొలం కొని బాటకు అడ్డంగా ముళ్లకంచె వేశాడు. గొర్రెలు కంచె దగ్గర నిలబడి చెరువు వాసన పీల్చేవి.

"కాగితం చూపించండి పెద్దమ్మా, తీసేస్తాను" అన్నాడు, మర్యాదగానే.

వదిన తెచ్చి విప్పింది. అక్షరం ఒక్కటీ లేదు. కాగితమంతా పొద్దు గుంకే ఆకాశంలా పచ్చగా, ఎర్రగా ఉంది.

"ఏమి వదినా, తీర్పుకు నలుగు పెట్టి తలకు నీళ్లు కూడా పోసినావా?"

"నోరు మూసుకోవే సరసా. దేవునికి పూసినట్లే పూసినాను."

పాత అప్పీళ్లు సేలం రికార్డు గదిలో ఉంటాయని, నకలు తెప్పిస్తానని వకీలు మాధవన్ చెప్పాడు. ఎండాకాలమంతా వదిన బిందెలతో గొర్రెలకు నీళ్లు మోసింది. "ఆ గదిలో మా నాయన కూర్చోనుంటాడే" అనేది, నడుము పట్టుకుని.

నకలు వచ్చిన రోజు మాధవన్ ఇంగ్లీషు చూస్తూ మన మాటల్లో చెప్పాడు. మామ సాక్ష్యం అందులో ఉంది: 'బాట నేనెందుకు చూపించాల సామీ? మందను వదలండి, అదే పోతుంది.' కింది కోర్టు ఆ మాటకు నవ్వి ఊరుకుందట. పైకోర్టు మనిషిని పంపి మందను వదిలించి చూసింది. మంద తిన్నగా చెరువుకు పోయింది.

వదిన కళ్లు మూసుకుంది. "మా నాయన గొంతే. ఇంకోసారి చదువు సామీ."

అతను చదువుతుంటే ఆ చిన్న గదిలో నా కళ్ల ముందు దుమ్ము లేచింది. కుర్చీల మధ్యనుంచి ఎప్పుడో చచ్చిపోయిన గొర్రెలు మెల్లగా నడిచిపోయాయి, వాటి వెనక తలపాగాతో మామ. నేను కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చాను.

నకలు చూసి ప్రభు సణుగుతూనే కంచె పీకించాడు.

ఆ ఏడు ఆయుధపూజకు నకలును నా పెట్టెలో పెట్టి తాళం వేశాను. పసుపు గిన్నెతో వదిన వచ్చి నిలబడింది.

"దూరం నుంచి పసుపు చూపిస్తానే."

"నీ చూపుకే చెరిగిపోతుంది, పో."

ఆమె పోయి, ముందు నడిచే గొర్రె నుదుటికి పసుపు పూసి బాట మీద వదిలింది. తోలలేదు. మంద దాని వెనకే పొద్దుటి మంచులోకి పోయింది. చెరువు దాకా గంటల చప్పుడు వినిపిస్తూనే ఉంది.