అన్న రైఫిల్ నేను మోసిన రోజు

మొన్న మోరిస్‌విల్‌లో మా ఆవిడకు కొండ నడకల కోసం ఒక బ్యాగు కొనబోతే, దుకాణంలోని అమ్మాయి నడుము పట్టీ బిగిస్తూ, బరువు భుజాల మీద కాదు, నడుము మీద ఉండాలని చెప్పింది. ఈ మాట నేను మొదటిసారి విన్నది ఆర్కన్సా అడవిలో, ఒక మనిషిని అడుగడుగునా అనుమానిస్తూ నడిచిన రోజున.

అప్పట్లో ఆ ఆర్కన్సాలోనే, బెంటన్‌విల్‌లో, మా ప్రాజెక్టులో తెలుగు కాంట్రాక్టర్లం ఇద్దరమే ఉండేవాళ్లం. రెండోవాడు కరీంనగర్ మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. ఏటా ఒంటరిగా జింకల వేటకు వెళ్లేవాడు. మా ఇద్దరిలో ఒకరినే ఉంచుతారని ఆఫీసులో గుసగుసలు మొదలైన ఆ నెలలోనే, దగ్గరుండి నాకూ వేట లైసెన్స్ తీయించి మరీ వేటకు రమ్మన్నాడు. ఉద్యోగం పోతే వీసా కూడా పోయే రోజులు. మా ఆవిడకు నిద్ర పట్టలేదు. "ఇన్నేళ్లు లేనిది ఇప్పుడే ఎందుకు పిలిచాడండీ?" అని ఒకటే గొడవ.

కారు దిగగానే రైఫిల్ నా చేతిలో పెట్టి, తూటాలు మాత్రం తన జేబులో వేసుకున్నాడు. నడిచేటప్పుడు లోడ్ చేయకూడదన్నాడు గానీ నాకు నమ్మకం కుదరలేదు. కాసేపటికే రైఫిల్ పట్టీ ఒరుసుకుని నా భుజం మండిపోతుంటే, ఆగమని, "భుజం మీద ఏస్తే సస్తవ్ తమ్మీ, బరువు నడుముకియ్యాలె," అంటూ తుపాకీ మడమను నా బ్యాగు పక్కజేబులో దించి, గొట్టం పైకి ఉండేలా బెల్టుతో కట్టి, నడుము పట్టీ బిగించాడు. బరువు సగమైనట్టయింది. అంత చక్కగా చూసుకుంటున్నందుకు కూడా అనుమానమే కలిగింది. పైగా నన్ను ముందు నడవమని, వెనక నుంచి, "మేనేజర్ నిన్నేమన్న అడిగిండా?" అన్నాడు. లేదన్నాను. నిజంగానే అడగలేదు.

వాగు దాటాక ఒక మగజింక కనబడింది. చప్పుడు కాకుండా రైఫిల్ అందించాను. తూటా పెట్టి ఎత్తబోయాడు. కుడిచేయి సగం దాకా లేచి ఆగిపోయింది. ముఖం పాలిపోయి, చెమటలు పట్టాయి. జింక మమ్మల్ని కాసేపు చూసి పొదల్లోకి వెళ్లిపోయింది. తూటా బయటికి తీసేసి ఒక రాయి మీద కూలబడ్డాడు.

"భుజానికి సర్జరీ చెయ్యాలంటుండ్రు డాక్టర్లు. మోసుడొక్కటి తప్పిస్తే, ఒక్కసారన్న కాల్చగల్గుతననుకున్న. ఆఫీస్‌ల తెలిస్తే నన్నే తీసేస్తరు తమ్మీ, ఎవ్వరికీ చెప్పకు."

నేను మా ఆవిడకు కూడా చెప్పలేదు. అయినా నెల తిరక్కుండానే ఆయన కాంట్రాక్ట్ ఆపేశారు. ఎలా తెలిసిందో, అసలు కారణం అదేనో కాదో ఇప్పటికీ తెలియదు. వేరే ఊళ్లో, షామ్‌బర్గ్‌లో పని దొరికి వెళ్లిపోయే ముందు భార్యతో కలిసి మా ఇంటికి భోజనానికి వచ్చాడు. తిన్నంతసేపూ నా ముఖం చూడలేదు. కారెక్కుతూ, "మంచిగుండు తమ్మీ," అన్నాడు, అంతే. "నేను ఎవరికీ చెప్పలేదు అన్నా," అని నోటిదాకా వచ్చింది. అడగకముందే చెబితే చెప్పినవాణ్ణి నేనే అనుకుంటాడని ఊరుకున్నాను. తర్వాత ఫోన్లు తగ్గి, ఆగిపోయాయి.

ఇప్పుడు అందరం ఎవరిళ్లలో వాళ్లం కూర్చుని పని చేస్తున్నాం. ఒకరోజు పొద్దున్న కంప్యూటర్ తెర మీద ఒకరి పేరు కనబడదు, తీసేశారన్నమాట; మధ్యాహ్నానికి మరచిపోతాం. ఎవరికి ఏ భుజం నొప్పో తెలియదు. ఎవరి మీదా అనుమానం కూడా కలగదు. అనుమానించడానికైనా ఒక మనిషి మన పక్కన కాసేపు నడవాలి కదా.