ఆడూ పళ్ళ బజ్జీలు

జూన్ మొదటి వారంలో ఒక మధ్యాహ్నం పక్క క్వార్టర్ దీదీ మా గుమ్మంలో ఒక అట్టపెట్టె పెట్టింది. అడుగు తడిసిపోయి ఉంది. విప్పి చూస్తే పైన ఎండుగడ్డి, దాని కింద పీచ్ పళ్ళు. భిలాయిలో వాటిని అందరూ ఆడూ అనే అంటారు, మా ఇంట్లోనూ ఆ మాటే. దీదీది ఉత్తరాఖండ్ కొండల్లో ఒక పల్లె. పుట్టింటి తోటలో కాసిన పళ్ళు రెండు రోజులు రైల్లో కూర్చుని మా సెక్టర్ దాకా వచ్చాయి. సగానికి పైగా మెత్తబడ్డాయి.

"ఈరోజే వాడెయ్. రేపటికి ఉండవు," అని హిందీలో చెప్పి, ఇంకో నాలుగిళ్ళకు పంచాలంటూ ఆవిడ వెళ్ళిపోయింది.

మా అమ్మాయికి పదకొండేళ్ళు. ఇక్కడే పుట్టి పెరిగింది కాబట్టి తెలుగు మాట్లాడుతున్నా మధ్యలో హిందీ దూరుతూనే ఉంటుంది. పెట్టెలోంచి ఒక పండు తీసి, దాని నూగు బుగ్గకు రాసుకుని, "మమ్మీ, వీటితో బజ్జీలు చేద్దాం. మీఠీవాలీ, తియ్యగా ఉండేవి. నేను వీడియోలో చూశాను. ముక్కలు పిండిలో ముంచి నూనెలో వెయ్యడమే, బస్," అంది.

"అది కుదరదు. జ్యూస్ చేసుకుందాం," అన్నాను.

"జ్యూస్ వద్దు. బజ్జీలు."

"కుదరదన్నానా!"

నేను అరిచానని నాకే ఆలస్యంగా తెలిసింది. వరండాలో కూలర్ ముందు కూర్చున్న మా అత్తయ్య తల తిప్పి చూశారు. విజయనగరం పక్క పల్లె నుంచి భిలాయి క్యాంప్ వన్ బస్తీలో ఇరుకు సందులోకి కాపురానికి వచ్చిన మనిషి. అప్పటి నుంచి ఎన్ని ఇళ్ళు మారినా ఆవిడ యాస మాత్రం మారలేదు.

"ఏటమ్మా, పిల్ల నోరు తెరిచి అడిగితే అలగ కసురుతావు? నాలుగు బజ్జీలు ఏసి పెట్టలేవేటి?" అన్నారు.

ఎందుకు వెయ్యలేనో ఆవిడకు తెలుసు. కనీసం నేను చెప్పినంత వరకు తెలుసు.

ఆరేళ్ళుగా మా ఇంట్లో మూకుడు పొయ్యి ఎక్కలేదు. పూరీలు లేవు, గారెలు లేవు, అప్పడాలు మంట మీద కాల్చుకోవడమే. పండగొస్తే మిఠాయి దుకాణం. మూకుడికి పాత దినపత్రిక చుట్టి అటక మీద పెట్టేశాను. ఎవరైనా అడిగితే నూనె ఒంటికి పడదంటాను.

ఆరేళ్ళ కిందట ఒక వానరోజు ఇదే వంటింట్లో బూరెలు వండుతున్నాను. మావారు స్టీల్ ప్లాంట్‌లో డ్యూటీలో ఉన్నారు, అత్తయ్య ఊరెళ్ళారు. ఇంట్లో నేనూ, ఐదేళ్ళ పిల్లా. తలుపు బెల్ మోగింది. గ్యాస్ బండ తెచ్చినతను. నేను మూకుడు పొయ్యి మీదే వదిలి వెళ్ళాను. మంట తగ్గించానో లేదో ఇప్పటికీ గుర్తు రాదు. బండ సీలు చూసి, సంతకం పెట్టి, ఖాళీ బండ బయట పెట్టించేలోగా లోపలి నుంచి కేక వినిపించింది. నేను వచ్చేసరికి పిల్ల నేల మీద ఉంది. ఎడమచెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా నూనె. మెడ మీద మూడు చుక్కలు.

ఆస్పత్రిలో డాక్టర్ ఎలా జరిగిందని అడిగితే, "నేను పక్కనే ఉన్నానండీ. పూర్ణం బయటికొచ్చి బూరె పేలింది," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. మావారు పనిబట్టలతోనే పరిగెత్తుకొచ్చారు, హెల్మెట్ అచ్చు ఇంకా నుదుటి మీదే ఉంది. ఆయనకూ అదే చెప్పాను. తర్వాత అత్తయ్యకు, మా అమ్మకు, చూడటానికి వచ్చిన అందరికీ. చెప్పగా చెప్పగా అది గట్టిపడిపోయింది. కట్టు మార్చే ప్రతిసారీ పిల్ల ఏడుపు వింటూ నేను తలుపు దగ్గర నిలబడేదాన్ని. నిజం చెబుదామనుకునేదాన్ని. రేపు చెబుదాం అనుకునేదాన్ని.

చెయ్యి మానింది. మోచేతి కింద అరచేయంత మచ్చ, చుట్టూ ఉన్న చర్మం కంటే తెల్లగా, కొంచెం ముడతగా మిగిలింది. భిలాయి ఎండల్లో కూడా పిల్లకు నేను పొడుగు చేతుల బట్టలే కొనేదాన్ని. అది మాత్రం ఇంట్లోకి రాగానే చేతులు పైకి మడుచుకునేది.

ఆ మధ్యాహ్నం చివరికి నేనే ఒక రాజీ చెప్పాను. బజ్జీలే గానీ నూనెలో కాదు, దోసె పెనం మీద రెండు చెంచాల నూనెతో కాలుద్దాం అన్నాను. అమ్మాయి మూతి ముడిచినా ఒప్పుకుంది.

పళ్ళు మరుగునీళ్ళలో వేసి, అరనిమిషం ఉంచి, చన్నీళ్ళలోకి తీశాం. ఆ మరుగునీళ్ళ గిన్నె దించేటప్పుడు అమ్మాయిని హాల్లోకి పొమ్మన్నాను. పోయి, గుమ్మంలో నిలబడి చూసింది. తొక్క చేత్తో లాగితే వచ్చేసింది. లోపల పసుపు, గింజ చుట్టూ ఎరుపు. కొన్నిటికి గింజ వదల్లేదు, చాకుతో చెక్కాల్సి వచ్చింది. వేళ్ళ సందుల్లోంచి రసం మోచేతుల దాకా కారింది. మైదా, గుప్పెడు బియ్యప్పిండి, చెంచా పంచదార, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి కలిపి చల్లటి పాలతో జారుగా చేశాం.

పెనం మీద మొదటి ముక్క వేయగానే పిండి పక్కకు జారిపోయింది. పండు వేడెక్కి రసం వదిలింది. ఆ రసంలో పిండి నాని పెనానికి అతుక్కుంది. గీకి తీస్తే ఒక చోట మాడింది, ఒక చోట పచ్చిగా ఉంది. రెండో వాయీ అంతే. అత్తయ్య ఒకటి నోట్లో వేసుకుని, "ఇవి బజ్జీలేటి? చిరిగిపోయిన అట్టు ముక్కలు," అన్నారు.

అమ్మాయి నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. అట్లకాడ పక్కన పెట్టి, నావైపు చూడకుండా, "మమ్మీ, సారీ," అంది.

"దేనికే? పిండి పల్చనైంది, అంతే."

"అది కాదు. నా వల్లే కదా నువ్వు నూనె వంటలు మానేశావు. ఆ రోజు బూరె పేలలేదు. నేనే వేశాను. నువ్వు తలుపు దగ్గరికి వెళ్ళావు కదా, నేను స్టూల్ ఎక్కి, గిన్నెలోంచి ఒక ఉండ తీసి, పిండిలో ముంచి పైనుంచి వేశాను. నువ్వు వేస్తావు కదా, అలా. జోర్ సే పడింది, నూనె ఎగిరింది."

నా చేతిలో గిన్నె ఉంది. దాన్ని గట్టు మీద పెట్టడానికి చోటు కనిపించలేదు.

"నువ్వు డాక్టర్ అంకుల్‌తో బూరె పేలిందని చెప్పావు. నన్ను బచానే కే లియే చెప్పావని తెలుసు. పాపా కోప్పడతారని. అందుకే నేను కూడా ఎవరికీ చెప్పలేదు."

ఆరేళ్ళు. నా తప్పు దాచుకోవడానికి నేను ఆడిన అబద్ధాన్ని, అది తనను కాపాడటానికి ఆడినదనుకుని ఆరేళ్ళు నోరు మూసుకుంది. పొయ్యి మీద పెనం ఇంకా వేడిగానే ఉందని గుర్తొచ్చి ముందు గ్యాస్ కట్టేశాను. తర్వాత కింద కూర్చున్నాను.

"నిన్ను కాపాడటానికి కాదురా," అన్నాను. "ఐదేళ్ళ పిల్లని మండే పొయ్యి దగ్గర వదిలేసి వెళ్ళానని చెప్పుకోవడానికి సిగ్గేసి చెప్పాను. తప్పు నీది కాదు. నువ్వు చిన్నపిల్లవి. నాది."

అది వచ్చి నా పక్కన కూర్చుంది. "తో ఫిర్ నువ్వు నా మీద గుస్సాగా లేవా?"

"నీ మీద కోపంగా ఎప్పుడూ లేనే."

"మరి మూకుడు ఎందుకు పైన పెట్టేశావు?"

"భయం."

గుమ్మం దగ్గర అత్తయ్య నిలబడి ఉన్నారు. మొత్తం విన్నారు. నన్ను ఏమంటారోననుకున్నాను. ఆవిడ స్టూల్ తెచ్చి అటక కింద పెట్టారు. "నేనెక్కలేను. నువ్వే దించు. పండు పాడైపోతాది," అన్నారు.

మూకుడు దించి తోమాను. పిల్లకు జీన్స్ తొడిగించాను, బూట్లు వేయించాను, జుట్టు ముడి పెట్టించాను. పెద్ద మూత పక్కన పెట్టాను. కాలిన గాయాలకు రాసే మందు గట్టు మీద పెట్టాను. నీళ్ళ చెంబు, గ్లాసులు, తడి గరిటెలు అన్నీ దూరం జరిపాను. "మమ్మీ, మనం బార్డర్‌కి వెళ్తున్నామా?" అని అడిగింది.

"ముక్కలు తుడవమ్మా ముందు. తడుంటేనే నూనె ఎగురుతాది," అన్నారు అత్తయ్య. పాత నూలుచీర ముక్క పరిచి దాని మీద ముక్కలన్నీ ఆరబెట్టాం. ఒక్కోదాన్నీ తిప్పి తిప్పి ఒత్తాం. పొడి మైదాలో దొర్లించాకే పిండిలో ముంచాలని కూడా ఆవిడే చెప్పారు. పిండి ఇంకాస్త గట్టిగా కలిపాం.

నూనె కాగుతున్న చప్పుడు నాకు మిగతా చప్పుళ్ళన్నిటి కంటే పెద్దగా వినిపించింది. పిండి చుక్క వేస్తే తేలింది. మొదటిది నేనే వేశాను. మూకుడు అంచు నుంచి, వేళ్ళు దాదాపు నూనెకు తగిలేంత దగ్గరగా తీసుకెళ్ళి జార్చాను. బుడగలు వచ్చాయి. పొంగింది. రెండోది, మూడోది. బంగారు రంగు తిరిగాక తీసి కాగితం మీద వేశాను.

"ఇప్పుడు నేను," అంది.

వద్దనాలనుకున్నాను. దాని మణికట్టు నా చేత్తో పట్టుకుని, అంచు దాకా తీసుకెళ్ళి, "వదిలెయ్, మెల్లగా," అన్నాను. వదిలింది. చుక్క కూడా చిందలేదు. రెండోసారి కూడా పట్టుకున్నాను. మూడోసారి, "మమ్మీ, నువ్వు నా చెయ్యి ఊపుతున్నావు, ఛోడో నా," అంటే వదిలేశాను. నిజమే, వణుకుతున్నది నా చెయ్యే.

నాలుగో వాయిలో ఒక ముక్క టప్పున పేలింది. గింజ చెక్కిన చోట రసం ఊరి ఉంటుంది. ఒక చుక్క నా మణికట్టు మీద పడింది. నేను కదల్లేదు. భయంతో బిగుసుకుపోయాను. అమ్మాయి చెయ్యి చాచి గ్యాస్ కట్టేసి, మూత అడ్డం పెట్టి, నన్ను భుజం పట్టుకుని వెనక్కి లాగింది. సింకు దగ్గరికి నడిపించి కుళాయి తిప్పింది. "ఎంతసేపు పెట్టాలి?" అని అడిగింది. మినపగింజంత ఎర్రటి చుక్క అది. దాన్ని నీళ్ళ కింద పెట్టుకుని నేను ఏడుస్తుంటే, అది మంట వల్లనుకుని మందు రాసింది.

మందు ఆరాక మిగిలిన ముక్కలు కూడా వేశాం. పైన పంచదార పొడి, దాల్చినచెక్క పొడి చల్లాం. పైన కరకర, లోపల పండు జామ్‌లా కరిగి, కొంచెం పులుపు. అత్తయ్య నాలుగు తిన్నారు. దీదీకి ఒక గిన్నెలో పంపితే, మా కొండల్లో ఎవరూ ఇలా పాడు చెయ్యరని నవ్వి, గిన్నె ఖాళీ చేసి పంపింది.

సాయంత్రం ఆరింటికి మావారు వచ్చారు. వంటింట్లో నూనె వాసన పీల్చి, గుమ్మంలోనే ఆగిపోయారు. అమ్మాయి ప్లేటు అందించి, తను చేసిందంతా గబగబా చెప్పేసింది. స్టూల్ సంగతి, ఉండ సంగతి, అంతా. ఆయన నావైపు చూశారు. నేను తలుపు సంగతి చెప్పాను. ఆరేళ్ళుగా మనసులో అనుకున్న మాటలేవీ రాలేదు. "నేను అక్కడ లేను. అబద్ధం చెప్పాను," అని మాత్రం వచ్చింది.

ఆయన తింటున్న బజ్జీ ప్లేటులో పెట్టి, లేచి స్నానానికి వెళ్ళారు. ఆ రాత్రీ మర్నాడూ నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. నూనెను చూసి పడ్డ భయం కంటే ఆ రెండు రోజుల భయమే ఎక్కువ. మూడో రోజు పొద్దున టీ తాగుతూ, "పిల్లకు చెయ్యి కాలిందని కాదు నా కోపం. అది ఎవరింట్లోనైనా జరిగుండేది. పక్కనే ఉండి ఇంత కాలం నాకు తెలియలేదే అని," అన్నారు. ఇంకేదో అనబోయి, బస్సుకు టైమైందని లేచారు. గేటు దాకా వెళ్ళాను. స్కూటర్ల మధ్య నుంచి నడుస్తూ ఒకసారి వెనక్కి చూసి చెయ్యెత్తారు.

భయం పోయిందని చెప్పను. వర్షాలు మొదలయ్యాక అమ్మాయి రెండుసార్లు పూరీలు వేసింది. వేస్తున్నంతసేపూ నేను ఫ్రిజ్‌కు వీపు ఆనించి నిలబడి, దాని వేళ్ళకూ నూనెకూ మధ్య ఎన్ని అంగుళాలున్నాయో చూస్తూనే ఉన్నాను. పూరీలు గుండ్రంగా రాలేదు గానీ పొంగాయి. ఉప్పు చాల్లేదని అత్తయ్య అన్నారు.