మైకులో పదో గ్రహం

ఆదివారం ప్రత్తిపాడు పెళ్లిలో నేనేం చేశానో వినండి. విన్నాక తిట్టండి, పడతాను. ముందు టీ తాగనివ్వండి.

మస్తాన్ గారి నాదస్వరం అంటే నాకూ, మన లెక్చరర్ రామకోటికీ ఎంత పిచ్చో మీకు తెలుసుగా. పెద్దాయనకి ఆయాసం. ఈ పెళ్లి తర్వాత ఇక కచేరీలు చేయనని ముందే చెప్పేశారు. అందుకే మేమిద్దరం పెళ్లికూతురి తండ్రిని బతిమాలి, ఆర్కెస్ట్రా క్యాన్సిల్ చేయించి, సాయంత్రం ఆయన కచేరీ పెట్టించాం. కీర్తనకి ముందు ఆయన తోడి రాగం ఎత్తుకుంటే నలభై నిమిషాలకి తక్కువుండదు. అది దాచుకుందామని టేప్ రికార్డరు, కొత్త క్యాసెట్టు పట్టుకెళ్లాను. ఒక వైపుకి సరిగ్గా సరిపోతుంది.

ఆ రోజే పేపర్లో పదో గ్రహం దొరికిందని వార్త. భోజనాల దగ్గర రామకోటి మొదలుపెట్టాడు.

"ఒరేయ్, దానికింకా పేరు పెట్టలేదంట. మన మస్తాన్ మాస్టారి పేరు పెడదామా?"

"పెట్టాల్సిందే," అన్నాను. "అది సూర్యుడి చుట్టూ ఒక్కసారి తిరిగి రావడానికి అయిదొందల ఏళ్లు దాటుద్దంట. మాస్టారు తోడి ఎత్తుకుంటే కీర్తనలోకొచ్చేసరికి అంతేగా."

పంక్తంతా నవ్వింది. అక్కడితో ఆగొచ్చు కదా. సాయంత్రం మాస్టారిని పరిచయం చేసే పని నాకే ఇచ్చారు. జనం నవ్విన జోకు దగ్గరుంటే నేనూరుకుంటానా? టేపు ఆన్ చేసి, మైకు పుచ్చుకుని, అదే జోకు ఇంకాస్త సాగదీసి, చేతులు తిప్పుతూ మరీ చెప్పాను. షామియానా అంతా గొల్లుమంది. మాస్టారు కూడా నవ్వారు. నాకు మహా సంతోషంగా ఉంది.

ఆయన తోడి అందుకున్నారు. హాయిగా కళ్లు మూసుకున్నాను. కాసేపటికి తెరిచి చూస్తే కీర్తన మొదలైపోయింది. కీర్తనకి ఇంకా చాలా టైముందని వేసుకున్న కిళ్లీ డోలాయన నోట్లో అలాగే ఉంది పాపం, కంగారుగా కర్ర వెతుక్కుంటున్నాడు.

కచేరీ అవగానే పరుగెత్తాను. "అదేంటండీ మాస్టారూ, తోడి అప్పుడే ఆపేశారు?"

ఆయన నాదస్వరం గుడ్డతో తుడుచుకుంటూ, "జనానికి విసుగొస్తోందని ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదయ్యా నాకు. నువ్వు చెప్పావు, మంచి పని చేశావు," అన్నారు.

"అయ్యో, అది మెచ్చుకోలండీ. మీరెంతసేపు వాయిస్తే అంతసేపు వినాలనే మాకు..."

"మరి అంతమంది నవ్వారేం?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగారు. ఆ ముసలాయన చివరి కచేరీ నేనే పాడుచేశాను. తప్పు పూర్తిగా నాదే. మొదలుపెట్టిన రామకోటి కూడా ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు.

నిన్న నా షాపులో కూర్చుని క్యాసెట్టు విన్నాను. నవ్వులతో కలిపి నా పరిచయం ఏడు నిమిషాలు. తోడి ఆరు.

కాపీ ఎవరికైనా కావాలంటే చెప్పండి. నా గొంతు మాత్రం చాలా క్లియర్‌గా వచ్చింది.