నంబర్ వన్ నిద్ర సీడీ

ఆ రోజుల్లో బోధన్ మొత్తంలో నాకు తెలిసినంత సంగీతం ఇంకెవరికీ తెలియదని నాకు గట్టి నమ్మకం. దానికి ఆధారం ఏమిటంటే, మాక్లూర్‌లో మా పక్కింటి సారు దగ్గర నాలుగు నెలలు హార్మోనియం నేర్చుకోవడం. (నాలుగో నెలలో ఇక రావద్దన్నది ఆయనే. ఈ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు, మీకే చెప్తున్నాను.) డిగ్రీ రెండుసార్లు తప్పాక మా అక్క నన్ను బోధన్‌కు పిలిపించి, బస్టాండు పక్కన మా బావ నడిపే సీడీల దుకాణంలో కూర్చోబెట్టింది. సంగీతం గురించి బావకు ఒకటే సిద్ధాంతం, "పోయేదే పాట." పెండ్లి ఊరేగింపుల్లో మోగే డప్పుల ఆల్బమ్‌లు ఆయన దుకాణంలో వేడి వేడి మిర్చీల్లా పోయేవి. జనం వచ్చి "గా దుమ్ము లేపేది ఇయ్యి" అని అడిగితే నేను వేపాకు నమిలినట్టు మొహం పెట్టి ఇచ్చేవాణ్ని. దుకాణం ముందు ఒక నల్లబోర్డు ఉండేది. దాని మీద 'ఈ వారం నంబర్ వన్' అని రాసి, కింద ఎక్కువగా అమ్ముడైన ఆల్బమ్ పేరు సుద్దముక్కతో రాయడం నా పని.

అలాంటి రోజుల్లో మసీదు గల్లీ దర్జీ చాచా తన సీడీల డబ్బా తెచ్చి మా దుకాణంలో పెట్టాడు. ముప్పై ఏళ్లుగా దర్గా ఉర్సుల్లో, పాటల మెహ్ఫిల్‌లలో గజళ్లు పాడే మనిషి. నిజామాబాద్ పోయి, సొంత ఖర్చుతో ఐదు గజళ్లు రికార్డు చేయించుకున్నాడు. అట్ట మీద బొమ్మలో చాచా, కొత్త షేర్వానీ వేసుకుని, ఎవరో భయపెట్టినట్టు నిలబడి ఉన్నాడు. ప్రతి శుక్రవారం నమాజు కాగానే మెడలో కొలతల టేపుతోనే వచ్చి, దూరంగా నిలబడి, మెల్లగా అడిగేవాడు, "పోతున్నయా బేటా?" ఆ మొహం చూసి లేదనడానికి నాకు నోరు రాలేదు. పోతున్నాయన్నాను, డబ్బులు డబ్బా మొత్తం ఖాళీ అయ్యాక ఒకేసారి ఇస్తామన్నాను. ఒక్కటీ పోలేదు. ఒక అబద్ధం ఆడితే దాన్ని నిలబెట్టడానికి ఇంకో పది కావాలంటారు కదా, నేను వారానికి కొన్ని సీడీలు తీసి అటక మీద దాచడం మొదలుపెట్టాను. అది చాలక, బావ నిజామాబాద్ పోయినరోజు చూసి, నల్లబోర్డు మీద డప్పుల ఆల్బమ్ చెరిపేసి చాచా పేరు రాసేశాను. కళకు జరిగిన అన్యాయాన్ని నేనొక్కణ్నే సరిదిద్దుతున్నానని ఛాతీ ఉబ్బిపోయింది.

మనవాళ్లకు ఒక గుణం ఉంది. నంబర్ వన్ అంటే అదేమిటని అడగరు, కొనేస్తారు. అలా మూడు సీడీలు నిజంగానే పోయాయి, మూడూ తిరిగొచ్చాయి. మొదట తెచ్చింది కాలువ కింద చెరుకు వేసే ఆంధ్రా రైతు ఒకాయన. "ఏమయ్యా, ఇది ఇరుక్కుపోయిందండీ. 'ఆ...' అంటాడు, మళ్లీ 'ఆ...' అంటాడు, పాట మొదలెట్టడేంటి?" అన్నాడు. అది ఆలాపన అని నేను చెప్పేలోపే బావ ఆ సీడీ అందుకుని, నోటితో ఊది, రుమాలుతో తుడిచి, దుకాణంలోని సెట్టులో పెట్టి చూశాడు. ఆ అన్నది. ఇంకోటి పెట్టాడు. అదీ ఆ అన్నది. మొత్తం మాలే ఖరాబు అని తీర్పు చెప్పి, అప్పుడు తలెత్తి బోర్డు చూశాడు. తర్వాత ఆయన నాతో అన్న మాటల్లో ఇక్కడ రాయదగ్గవి చాలా తక్కువ.

తిట్లయితే దులిపేసుకునేవాణ్ని. కానీ ఆ శుక్రవారం చాచా అత్తరు పూసుకుని, మిఠాయి పొట్లంతో వచ్చాడు. బోర్డు మీద తన పేరు ఎవరో చూసి చెప్పారట. రెండో ఆల్బమ్ చేస్తున్నాననీ, దానికోసం తన మోటారు కుట్టు మెషిన్ అమ్ముతున్నాననీ చెప్పాడు. నిజామాబాద్ నుంచి కొనేవాడు వచ్చే శుక్రవారం వస్తాడట. కాళ్లతో తొక్కే పాత మెషిన్ ఉంది కదా, తనకదే చాలట. నా చేతిలో జిలేబీ పెట్టి, "నువ్వే నా నసీబు బేటా" అన్నాడు.

చాచా పోయాక బావకు అంతా చెప్పేశాను. ఈసారి బావ తిట్టలేదు, అందుకే ఎక్కువ భయమేసింది. వారం టైం ఉందనీ, ఆ డబ్బా ఖాళీ అయినా చేయాలి, లేదా పోయి ఆయన మొహం మీద నిజమైనా చెప్పాలనీ అన్నాడు. నిజం చెప్పడం కన్నా ఎండలో తిరగడమే తేలిక అనిపించింది. డబ్బా సైకిల్‌కు కట్టుకుని చక్కెర ఫ్యాక్టరీ దారి పట్టాను.

గానుగ రోజుల్లో ఆ రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్లు బారులు తీరి ఉండేవి. తూకం వంతు రావడానికి ఒక్కోసారి రెండు రోజులు పట్టేది. ప్రతి ట్రాక్టర్‌కూ ఒక సీడీ సెట్టు, ప్రతి సెట్టులోనూ అవే డప్పులు. నేను సంగీతం గొప్పతనం గురించి ఉపన్యాసం ఇచ్చుకుంటూ పది ట్రాక్టర్లు దాటాను, ఒక్కరూ దిగలేదు. పదకొండో ట్రాక్టర్ కింద గోనెసంచి పరుచుకుని, కళ్లు ఎర్రబడిన పెద్దమీసాల డ్రైవర్ ఒకాయన పడుకుని ఉన్నాడు. రెండు రోజులుగా నిద్ర లేదట, ముందోడి డప్పులూ వెనకోడి డప్పులూ కలిసి తల పగులుతోందట. "దుమ్ము లేపేది గాదు, పండవెట్టేది ఉన్నదా?" అని అడిగాడు. చాచా సీడీ పెట్టాను. ఆ అన్నది. రెండో 'ఆ' పూర్తికాక ముందే ఆయన గురక పెట్టాడు.

లేచాక ఆయనే నా తరఫున ప్రచారం చేశాడు. ముందువాళ్లూ వెనకవాళ్లూ దిగొచ్చారు. బుధవారానికి డబ్బా ఖాళీ, గురువారానికి అటక కూడా ఖాళీ. డ్రైవర్లు దుకాణానికి వచ్చి "నిద్ర సీడీ" కావాలని అడగసాగారు. నాకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. బావకు ఆ అయోమయం లేదు. పోయేదే పాట కాబట్టి, బోర్డు మీద తన చేత్తో పెద్ద అక్షరాలతో 'ఈ వారం నంబర్ వన్: నిద్ర సీడీ' అని రాసి, కింద చాచా పేరు పెట్టాడు. అది నేను చూసేసరికి చాచా బోర్డు ముందు నిలబడి చదువుతున్నాడు. శుక్రవారం.

ఇక దాచి లాభం లేదనుకున్నాను. అటక సంగతి, బోర్డు సంగతి, డ్రైవర్ గురక సంగతి, అన్నీ తల దించుకుని చెప్పేశాను. మెషిన్ అమ్మొద్దు చాచా అన్నాను. ఆయన మెడలో టేపును వేళ్లకు చుట్టుకున్నాడు. నేను అబద్ధం ఆడినందుకు బాధపడ్డాడు, ఆ మాట అన్నాడు కూడా. తర్వాత ఆయన మొహంలోకి నవ్వు వచ్చింది.

"ముప్పై ఏండ్ల సంది పాడుతున్న బేటా. మెహ్ఫిల్‌ల నిద్రొచ్చినోళ్లు గూడ కండ్లు నలుపుకుంట వాహ్ వా అన్నరు. నా పాటకు నిజంగ పండుకున్నోళ్లు గీళ్లే. నాకు జర సూపెట్టు."

నిజామాబాద్ నుంచి వచ్చిన మనిషిని ఛాయ్ తాగించి పంపేశాడు. మెషిన్ ఇంట్లోనే ఉండిపోయింది. ఆదివారం మధ్యాహ్నం నేనే చాచాను చెరుకు బారు దగ్గరికి తీసుకుపోయాను. మళ్లీ లోడుతో వచ్చి ఉన్న పెద్దమీసాలాయన గోనెసంచి దులిపి ఆయన్ను కూర్చోబెట్టి, అందరి సెట్లూ బంద్ చేయించాడు. ఇరవై మంది దాకా ట్రాక్టర్ల నీడల్లో ఒరిగారు. చాచా కళ్లు మూసుకుని ఎత్తుకున్నాడు.

గంట తర్వాత ఎవరో నా భుజం తట్టారు. చాచా. మొహం చెమటతో తడిసిపోయి, ఆనందంతో వెలిగిపోతున్నది. "ఇద్దరు పండుకోలేదు బేటా," అన్నాడు గుసగుసగా, చుట్టూ గురకలు చెడిపోకుండా. "ఇద్దరు ఆఖరుదాక విన్నరు. ఒకడైతే ఏడ్సిండు."

నేను లేచి, చెంపకు అంటిన చెరుకాకు తీసేసుకుని, అద్భుతంగా పాడావు చాచా అన్నాను.