నూకరాజు చేర్పించిన వాళ్లు

నూకరాజు కంట పొట్ట పడకూడదు. పడిందా, దాని యజమానిని ఫోన్ ఆరోగ్య శిక్షణలో చేర్పించేదాకా వదలడు. రాయపూర్‌లో ఒక సేవాసంస్థ ఉచితంగా నడిపే శిక్షణ అది. వారం వారం ఫోన్ చేసి ఏం తినాలో, ఎంత నడవాలో చెప్పడం ఫణిశ్రీ ఉద్యోగం. తెలుగువాళ్లను పట్టుకొచ్చి ఆమె నెత్తిన వేయడం, రైల్వేలో రిటైరైన నూకరాజు చేసే సేవ. ఆయన పొట్ట మాత్రం స్కూటర్ మీద ఆయనకన్నా ముందు కూర్చుంటుంది. దాని సంగతి అడుగుదామని ఫణిశ్రీ ఫోన్ చేస్తే, "డ్యూటీలో ఉన్నాను," అంటాడు.

పండరీ బట్టల బజారులో చొక్కాగుడ్డ బేరమాడేవాణ్ణి వదలడు. తెలీబంధా చెరువు దగ్గర సమోసా నోట్లో పెట్టుకున్నవాణ్ణి వదలడు. నోరు ఖాళీ లేక వాడు కాదనలేడు. ఒకరి పెద్దకర్మ భోజనాల్లో దండ వేసిన ఫొటో చూపించి, "ఈయనకీ సెప్పినాను. ఫోన్ ఎత్తనేదు," అన్నాడట. పంక్తి పంక్తంతా నంబర్లిచ్చేసింది. గారెలు మాత్రం ఎవరూ వదల్లేదు.

తిట్లు తినేది ఫణిశ్రీ.

"నేనెప్పుడు చేరానమ్మా? లిఫ్ట్ అడిగాను. నంబరిస్తేగాని స్కూటర్ ఎక్కించుకోనన్నాడు," అన్నాడొకాయన.

ఓసారి తాయారమ్మ అనే ముసలావిడ నంబరొచ్చింది. ఫణిశ్రీ బరువెంతని అడిగితే, "గాలొస్తే గుమ్మం పట్టుకుంటానమ్మా," అందావిడ. ఫణిశ్రీకి ఒళ్లు మండింది. తిన్నగా నూకరాజు ఇంటికెళ్లింది. ఆయన జిలేబీ తింటున్నాడు.

"ఆవిడ ఎముకల గూడు, అంకుల్. ఏం తగ్గించమంటారు? ఇంకోసారి ఇలా చేస్తే మీరిచ్చే నంబర్లు తీసుకోవద్దని ఆఫీసులో చెప్పేస్తాను."

నూకరాజు జిలేబీ పక్కన పెట్టాడు.

"తగ్గించమని ఎవులు సెప్పినారు బేటీ? మొగుడు పోనాక ఆవిడతో తెలుగు మాటాడేవోళ్లు నేరు. హిందీలో 'అచ్ఛా' తప్ప ఆవిడకేటీ రాదు. ఎవులో ఒకరు ఫోన్ సేసి 'ఏటి తిన్నావు' అని అడుగుతారు గదా అని ఇచ్చినాను."

"ఆ మాట నాతో చెప్పొచ్చుగా?"

"సెప్తే రూల్ ఒప్పుకోదంటావు."

అంటుంది, నిజమే. తాయారమ్మ నంబరును ఫణిశ్రీ జాబితాలోనే ఉంచేసింది.

తర్వాతి వారం తాయారమ్మకు ఫోన్ చేసి, "నడుస్తున్నారా?" అని అడిగింది.

"ఎక్కడమ్మా, నువ్వు ఫోన్ చేస్తావని పొద్దుట్నుంచీ కూచునే ఉన్నాను."

"అయితే ఫోన్ చెవిన పెట్టుకునే లేవండి," అంది ఫణిశ్రీ. "మాట్లాడుకుంటూ నడుద్దాం."