పళ్ళు పోయినా పోని వాసన

ఉద్యోగంలో చేరిన రెండో ఏడే నా చిగుళ్ళ నుంచి నెత్తురు రావడం మొదలైంది. అప్పుడు చోడవరం హైస్కూల్లో తెలుగు మాస్టర్ని. పొద్దున్న వేపపుల్ల వేసుకుంటే ఉమ్మంతా ఎర్రగా ఉండేది. కొన్నాళ్ళకి చీము, దాంతోపాటు వాసన. పటికనీళ్ళు పుక్కిలించాను. తుమ్మబెరడు కషాయం పుక్కిట పట్టాను. జేబులో లవంగాలు పోసుకుని తిరిగాను. ఏదీ పూటకు మించి పనిచేయలేదు.

పద్యం గొంతెత్తి చదవడం నాకు ఇష్టం. ఒకరోజు చదువుతూ ముందు బల్ల దగ్గరికి వెళితే అక్కడున్న కుర్రాళ్ళు మొహాలు పక్కకి తిప్పుకున్నారు. మర్నాటి నుంచి పద్యాలు వాళ్ళ చేతే చదివించాను.

మధ్యాహ్నం మాస్టర్లందరూ కూర్చునే గదికి వెళ్ళడం మానేశాను. మా లెక్కల మాస్టారు ఊరుకోలేదు.

"ఏటి మాస్టారూ, ఈ మధ్య మాటాడ్డమే మానీసేరు?"

"చిగుళ్ళు బాగోలేవండీ."

"పంటిజబ్బుకే ఇంత దిగులేటండీ? మా తోడల్లుడికి క్షయ. ఆయనే నవ్వుతూ తిరుగుతన్నాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. కాలు విరిగితే చూడ్డానికి వచ్చేవారు. జ్వరమొస్తే సెలవు పెట్టమనేవారు. నోరు కుళ్ళిపోతున్న మనిషికి దిగులుపడే హక్కు కూడా లేదన్నమాట.

ఇంట్లో నా భార్యకి ఎడంగా కూర్చుని, మొహం తిప్పుకుని మాట్లాడేవాణ్ణి. తనమీద కోపమనుకుంది.

"నానేటైనా తప్పు సేసేనా? సెప్పండి," అంది ఒకనాడు.

సిగ్గు చంపుకుని వాసన సంగతి చెప్పాను.

"అదా? నాకు తెలీదేటి? మొదట్నుంచీ తెలుసు," అంది తేలిగ్గా.

నన్ను ఊరడించాలనే అంది. కానీ ఇన్నాళ్ళూ భరిస్తూ వచ్చిందన్న మాట తలుచుకుంటే నాకు అన్నం సయించలేదు.

చివరికి ఇద్దరం బస్సెక్కి విశాఖపట్నం వెళ్ళాం. అక్కడి పళ్ళ డాక్టరు చూసి, వదులైన పళ్ళు నిలవవు, అన్నీ తీసేయాలన్నాడు. విడతలు విడతలుగా తీశాడు. చిగుళ్ళు మానాక కట్టుడు పళ్ళు పెట్టి, "ఇంక మీకు పళ్ళ జబ్బన్నదే రాదు," అని నవ్వాడు. ముప్ఫై నిండకుండానే నా నోట్లో సొంత పన్ను ఒక్కటి లేదు. అయినా వాసన పోయిందని సంతోషించాలనుకున్నాను.

సంతోషం రాలేదు. క్లాసులో ఎవరైనా ముక్కు తుడుచుకుంటే నా మాట ఆగిపోయేది. పొద్దున్నే నా భార్య దగ్గరికి వెళ్ళి నోరు తెరిచి, "చూడు," అనేవాణ్ణి. ఆమె వాసన చూసి లేదనేది. ఊపిరి బిగబట్టి చూసిందేమోనని నా అనుమానం. మళ్ళీ చూడమనేవాణ్ణి.

ఒకరోజు బియ్యంలో రాళ్ళేరుతుంటే వెళ్ళి అడిగాను. లేదంది. మళ్ళీ అడిగాను. చేట పక్కన పెట్టేసింది.

"నేదంటే నమ్మరు. ఉందంటే కుమిలిపోతారు. నన్నేటి సెయ్యమంటారు? ఇంక నన్నడక్కండి."

ఆమె విసుక్కోవడం న్యాయమే. అది తెలిసినా నా కోపం చల్లారలేదు. ఆ సాయంత్రమే మా ఊరి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. టార్చిలైటు వేసి నోరంతా చూశాడు.

"అంతా శుభ్రంగా ఉంది మాస్టారూ. మనసులో ఏమీ పెట్టుకోకండి."

నేనేదో కావాలని తీసుకెళ్ళి మనసులో పెట్టుకున్నట్టు. దాన్ని బయటికి తీసే దారి ఏమిటని అడిగాను. ఆయన అరుగుదలకి ఏదో మందు రాసిచ్చి, తర్వాతి మనిషిని పిలిచాడు.

ఆ తర్వాత నా భార్యని ఎప్పుడూ అడగలేదు. నాకు నయమైందనుకుని పొంగిపోయింది, పుట్టింటివాళ్ళకి కూడా చెప్పుకుంది. నయం కాలేదు. ఆమె పెరట్లోకి వెళ్ళినప్పుడు అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నేనే ఊది చూసుకునేవాణ్ణి.