జరిమానా కట్టేశాను కదా

పరిగి దగ్గర మా మల్బరీ తోటల్లో ఆరు బోర్లకు ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. ఆరు మోటార్లూ ఒక్కసారి తిరిగితే అది తట్టుకోలేదు. అందుకని ఉదయం మూడు, మధ్యాహ్నం మూడు అని వంతులు పెట్టుకున్నాం. కరెంటు రాగానే మోటారును దానంతటదే తిప్పే ఆటో స్టార్టర్ ఎవరూ పెట్టకూడదు. పెడితే ఐదువందలు జరిమానా.

నేను పెట్టాను. నాది ఇసుక నేల, తడి నిలవదు. ఇంట్లో పట్టుపురుగులకు ఆకు కోయడం, వేయడం, పెంట తీయడం అన్నీ నామీదే. వంతు కోసం తోటలో కూర్చునే ఓపిక నాకు లేదు. పట్టుబడితే జరిమానా కట్టాను. రెండోసారీ కట్టాను. మూడోసారి ఎవరూ అడక్కముందే ఇచ్చేసి, "కట్టేసినా కదప్పా, ఇంగేమి?" అన్నాను. నిజం చెప్పాలంటే సిగ్గేమీ అనిపించలేదు. టికెట్టు కొని బస్సులో కూర్చున్నంత దర్జాగా ఉన్నాను. నన్ను చూసి ఇంకో నలుగురు పెట్టారు, వాళ్లూ కట్టారు. పెట్టనిది పక్క తోట అవ్వ ఒక్కతే. ఆమెకు చేతకాదేమో అనుకున్నాను.

ఎండాకాలంలో ఒక ఉదయం కరెంటు వచ్చీ రాగానే ఐదు మోటార్లూ కలిసి లేచాయి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది.

కొత్తది రావడానికి వారం పైనే పడుతుందన్నారు. నా పురుగులు అప్పుడే నాలుగో జ్వరం దాటి పొర విడిచాయి. గూడు కట్టేముందు ఆ వారం రోజులే అవి తెగ తింటాయి. నా తోటలో ఆకు వాడి, గిడసబారింది. అలాంటి ఆకును పురుగు ముట్టదు. పంట పోయినట్టే అనుకున్నాను. భయంతో ఇంట్లో అందరిమీదా అరిచాను. తప్పు నాదని తెలుసు కాబట్టి ఇంకా గట్టిగా అరిచాను.

మూడోరోజు పొద్దున్నే అవ్వ మా వాకిట్లో ఆకు మోపు దించింది. ఆమె తోటలో తడి ఆరకుండా మొదళ్లకు చెత్త కప్పి ఉంటుంది, ఆకు ఇంకా పచ్చగానే ఉంది. నేను నోరు తెరిచేలోగా ఆమే అంది.

"నీమింద నాకు శానా కోపం ఉండాది. పురుగులేం పాపం జేసినాయి? పో, ఎయ్యిపో."

పురుగులు గూడు కట్టడం మొదలుపెట్టేదాకా రోజుకు రెండు మోపులు వచ్చాయి.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ బిగించిన రోజు దాని దగ్గరే అందరం కూడాం. జరిమానా రెండువేలు చేద్దామన్నారు. అవ్వ ఒప్పుకోలేదు. నావైపు చెయ్యి చూపించి అంది.

"దుడ్లు పెంచితే దుడ్లు కడతారు, అంతే గదప్పా. ఆటోలన్నీ పీకేయండి. స్టార్టర్ పెట్టెలకు తాళాలెయ్యండి. నెల దినాలు అందరి మోటార్లూ ఈయమ్మే వంతు ప్రకారం ఎయ్యాల. తాళంచెవులు ఈయమ్మకే ఇయ్యండి."

"చెడగొట్టినామె చేతికేనా అవ్వా?" అని ఒకాయన నవ్వాడు.

"ఆ, ఆయమ్మకే."

జరిమానా వేసినా అంత మంట పుట్టేది కాదు. నెలంతా ఆరు పెట్టెల చుట్టూ తిరిగాను. "ఇంగో పది నిమిషాలు తిరగనీమ్మా" అని ఒకరు, "ఈ పొద్దు ముందు నాది ఎయ్యి" అని ఒకరు. ఏ ముఖం పెట్టుకుని కాదనను? అయినా కాదన్నాను. నా ఆకు వాడుతున్నా నా వంతుకు ముందు నా పెట్టె తెరవలేదు. అంతమంది చూస్తున్నారని మొదట్లో, తర్వాత ఎవరూ చూడకపోయినా. అవ్వ ఇన్నాళ్లూ మా మధ్య అలా ఎలా ఉండగలిగిందా అని ఆశ్చర్యపోయాను. చేతకాక కాదని అప్పటికి తెలిసింది.

నా పంట బాగా వచ్చింది. హిందూపురం మార్కెట్లో గూళ్లు అదిమి చూసి గట్టిగా ఉన్నాయన్నారు. నెల కాగానే తాళంచెవులు తిరిగివ్వడానికి అవ్వ ఇంటికి వెళ్లాను. పురుగుల షెడ్డు తలుపు తీసి ఉంది. తట్టలన్నీ ఖాళీ.

"ఏమవ్వా, ఈసారి పంట పెట్టలేదా?"

"ఆకు యాడుండాది? పురుగు గుడ్లు వద్దని చెప్పేస్తి."

ఆమె తోటలో కోసిన మొదళ్లు నెలంతా నా కళ్లముందే ఉన్నాయి. ఒక్కసారీ నాకు తట్టలేదు. ఏడుపొచ్చింది.

"ముందే చెప్పొచ్చు కదవ్వా?"

"చెప్తే దుడ్లు తెచ్చిచ్చేదానివి గదా" అంది అవ్వ.

తాళంచెవులు ఇవ్వకుండానే కొంగుకు కట్టుకుని తిరిగి వచ్చాను. ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి, వంతు ప్రకారం మోటార్లు నేనే వేస్తాను.